ఏ పచ్చ?

కిందటి వారం ఎలీసబెతును లాలాగూడ రైల్వే క్వార్టర్ల వసారాలో, ఒక భుజం మీద బిడ్డతో, రెండో భుజం మీద కక్కు మరకతో నిలబెట్టి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఆ బిడ్డ లూకాకి పుట్టిన కొద్ది రోజులకే పేగు మెలిపడింది. చెడిపోయిన ముక్క కోసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. కుట్టు దగ్గర చీము పట్టడంతో మళ్ళీ తెరిచారు. మధ్యలో జ్వరాలు, సెలైన్లు, చచ్చీచెడీ పెరిగిన బరువు ఇట్టే తరిగిపోవడాలు వేరే. బైబిల్లో వైద్యుడైన లూకా పేరు పెట్టుకుంటే మంచి జరుగుతుందనుకున్నారు గానీ, ఆ పేరు వల్ల బిడ్డ వైద్యుల చేతుల్లోనే ఉండిపోతాడని ఎవరూ అనుకోలేదు. చివరికి పాలు ఇముడుతున్నాయి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. మొన్న ఆదివారం ఆరాధనలో బిడ్డ తండ్రి జ్ఞానశేఖర్ లేచి, బిడ్డ సంపూర్ణంగా స్వస్థత పొందాడనీ, ఇక కత్తి అవసరం లేదనీ సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా లేచి నిలబడి స్తోత్రాలు చెల్లించింది.

ఇవాళ గురువారం. పొద్దున్న పాలు తాగిన కాసేపటికి లూకా తల్లి భుజం మీద వేసుకున్న గుడ్డ మీద భళ్ళున కక్కాడు. పాలు కాదు, ఆకు నూరి పిండినట్టు పచ్చగా. ఇంట్లో ఫోను లేదు గనక, ఆస్పత్రికి ఫోన్ చేసి రమ్మని మొగుణ్ణి వీధి చివర కిరాణా కొట్టుకి పంపి, ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

జ్ఞానశేఖర్ వచ్చాడు. వెళ్ళినప్పుడు పరుగెత్తినవాడు వచ్చేటప్పుడు నడుచుకుంటూ వచ్చాడు. మంచి కబురే అయ్యుంటుందని ఎలీసబెతు అనుకుంది.

“డాక్టరుగారే ఎత్తారు. భయం లేదన్నారు,” అన్నాడు చెప్పులు విడుస్తూ.

“ఏమని చెప్పారు మీరు?”

“పచ్చగా కక్కాడని చెప్పాను.”

“చెప్తే?”

“పసిపిల్లలన్నాక కక్కుతారు, కొంచెం కొంచెంగా పట్టమన్నారు. ఇంకేం చెప్తారు బెత్తూ! నువ్వు ఊరికే కంగారుపడతావు.”

ఊరికే కంగారుపడతావు. ఈ మాట వినీ వినీ ఎలీసబెతు చెవులు కాయలు కాచాయి. మొదటిసారి పేగు మెలిపడ్డప్పుడూ ఇదే అన్నారు, తొలిచూలు తల్లివి, నీకేం తెలుసన్నారు. కుట్టు ఎర్రబడితే చలికి అన్నారు. ఆమె కంగారుపడ్డ ప్రతిసారీ కంగారే నిజమైంది, అయినా ఆ మాట మాత్రం ఎవరి నోట్లోంచీ పోలేదు. బడిలో నలభై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టే టీచరు, ఇంట్లో ఒక్కళ్ళ చేత కూడా తన మాట వినిపించుకోలేకపోయింది.

లోపల్నుంచి కాంతమణి వచ్చింది. జ్ఞానశేఖర్ తల్లి. మనవడి కోసం నర్సాపురం నుంచి వచ్చి, ఇంకా ఉంటోంది.

“నేను చెప్తూనే ఉన్నాను. పాలిచ్చే తల్లి వంకాయ తినకూడదని చెప్పానా లేదా? మొన్న తినేశావు. ఇప్పుడు వాడు కక్కుతున్నాడు.”

“అది పదిహేను రోజుల కిందటండీ అత్తయ్యా.”

“వంకాయ ఊరుకుంటుందేంటమ్మాయ్! అసలు నీకు అదృష్టం ఎక్కువై తెలియడం లేదు. పాలు పట్టిన ప్రతిసారీ, ‘ఇలా ఇవ్వు, త్రేన్పు నేను తీయిస్తా’ అని బిడ్డనెత్తుకుని పెరట్లోకి పోయే మొగుణ్ణి ఎక్కడైనా చూశావా? మీ మావగారు తన పిల్లల్ని ఏనాడైనా ఎత్తుకున్నారా? పైగా వాడి జేబురుమాళ్ళు వాడే ఉతుక్కుంటున్నాడు కుళాయి దగ్గర. నేను చూశాను గనక సరిపోయింది. నలుగురూ చూస్తే ఏమంటారు?”

ఈ వారమంతా జ్ఞానశేఖర్ అలాగే చేస్తున్న మాట నిజమే. తను కాస్త నడుం వాలుస్తుందని ఆయన ఆరాటపడుతున్నాడనుకుని ఎలీసబెతు లోలోపల మురిసింది కూడా. ఇవాళ పొద్దున ఆయన స్నానానికి పోయాడు గనక బిడ్డ ఆమె భుజం మీద కక్కాడు.

కాని ఇప్పుడు ఆమె తల్లో ఒక్కటే తిరుగుతోంది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు తాతారావు డాక్టరు మొగుడూపెళ్ళాల్నిద్దర్నీ నిలబెట్టి చెప్పాడు. తెల్లగా, పెరుగు విరుగులా కక్కితే పట్టించుకోవద్దు, ఆకుపచ్చగా కక్కితే మాత్రం ఉన్నపళంగా రండి. అంతగా చెప్పిన మనిషి ఇవాళ భయం లేదని ఎలా అంటాడు? ఆయన చెప్పింది అబద్ధమా, తను విన్నది అబద్ధమా? ఎవరినడగాలో తోచక ఎలీసబెతుకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

“ఏందమ్మా టీచరమ్మా, పొద్దుగాల్నే పొల్లగాడు గట్ల మూల్గుతుండు?” అంటూ పక్కింటి కమలాబాయి గోడ దగ్గరికొచ్చింది. ఆమె పెనిమిటి కూడా జ్ఞానశేఖర్ లాగే రైల్వే వర్క్‌షాపులోనే పనిచేస్తాడు. “పరేషాన్ గాకు. జెర ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏస్త. ఎవ్వల దిష్టో తాకినట్టుంది.”

“మాకు దిష్టి మీద నమ్మకం లేదు కమలాబాయ్. మాది ప్రార్థనే,” అంది కాంతమణి. అని, ఒక్క క్షణం ఆలోచించి, “నీకు నమ్మకముంటే తియ్యి. పొరుగింటి మనిషివి, నీ మనసెందుకు నొప్పించాలి,” అంది.

కమలాబాయి తీరా మిరపకాయలు తెచ్చేసరికి లూకా రెండోసారి కక్కాడు. ఈసారి ఏడవను కూడా ఏడవలేదు. నోరు తెరిచాడు, వచ్చింది, కళ్ళు మూసుకున్నాడు.

“ఆ తీగ మీద పచ్చ తువ్వాలు అందుకో కమలాబాయ్, తొందరగా!” అని అరిచింది కాంతమణి.

కమలాబాయి పరుగున పోయి తువ్వాలు తెచ్చింది.

“ఇది కాదమ్మా! పచ్చది తెమ్మన్నాను!”

“గిదేంది మరి? పచ్చదే గద!”

“పచ్చదంటే పచ్చది! పసుపుపచ్చది, మెత్తగా ఉంటుంది, అది! ఇది ఆకుపచ్చది.”

“అట్ల చెప్పాలె మరి! పచ్చదంటే నాకెట్ల ఎర్కైతది? గడ్డి పచ్చగుండదా?”

“పసుపు పచ్చగా ఉండదా?”

ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఆ తువ్వాలుని సాగదీస్తూ ఉంటే ఎలీసబెతు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయింది. తెలుగువాళ్ళం, కూరాకులకి లెక్కలేనన్ని పేర్లు పెట్టుకున్నాం గానీ, పసుపుకీ ఆకుకీ కలిపి ఒక్క పచ్చతోనే సరిపెట్టుకున్నాం. పచ్చకామెర్లు పచ్చే, పచ్చగడ్డీ పచ్చే. బళ్ళో రంగులు చెప్పేటప్పుడు ఎన్నిసార్లు నవ్వుకుంటూ ఈ తేడా చెప్పి ఉంటుంది తను!

“ఏవండీ!” అని కేకేసింది. “డాక్టరుగారితో పచ్చగా అని మాత్రమే చెప్పారా? ఏ పచ్చో చెప్పారా?”

జ్ఞానశేఖర్ డ్యూటీకి పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక గుండీ తప్పు కాజాలో దూరింది. “పచ్చగా అనే చెప్పాను,” అన్నాడు, గుండీ సరిచేసుకుంటూ.

“ఆయన పసుపనుకున్నాడు! అందుకే భయం లేదన్నాడు. డ్యూటీ లేదు, ఏం లేదు, పదండి. ఆటో పిలవండి.”

“బెత్తూ, నా మాట విను. సాయంత్రం దేవసహాయం పాస్టరుగారు వస్తానన్నారు. ఒకసారి ప్రార్థన చేయించుకుని...”

“దార్లో చేసుకుందాం. పదండి!”

భుజం మీది మరక గుడ్డని ఆమె ఉతకలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది. మాట మీద నమ్మకం పోయాక, చూపించడానికి అదొక్కటే మిగిలింది.

ఆటో నాలుగు బారలు పోయిందో లేదో రైల్వే గేటు పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. గూడ్సుబండి, అదీ బొగ్గుది, తనకేం పనిలేనట్టు వ్యాగను తర్వాత వ్యాగను తీరిగ్గా పోతోంది. ఒళ్ళో లూకా పొట్ట డప్పులా బిగిసి ఉంది. ఎలీసబెతు ఆ పొట్ట మీద చెయ్యి వేసి తీసి, వేసి తీసి చూస్తోంది, మళ్ళీ వేసినప్పటికి మెత్తబడి ఉంటుందేమో అని. పక్కన జ్ఞానశేఖర్ పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆయన మొహం చూస్తే ఆమెకి జాలేసింది. ఫోన్లో మాట సరిగ్గా చెప్పలేకపోయానని కుమిలిపోతున్నాడనుకుంది.

“మీ తప్పేం లేదు లెండి,” అంది మెత్తగా. “మాటే అలాంటిది. అడగాల్సింది ఆయన. అంత పెద్ద డాక్టరు, ఏ పచ్చ అని ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?”

జ్ఞానశేఖర్ గూడ్సుబండి వైపు మొహం తిప్పుకున్నాడు. గేటు లేచింది.

ఆస్పత్రిలో దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, డాక్టరు ఉన్నాడు గానీ తలుపు దగ్గర పర్వతాలు అనే అటెండరు ఉన్నాడు. చీటీ లేనిదే లోపలికి లేదన్నాడు. చీటీలిచ్చే కిటికీ దగ్గరికి పోతే పిల్లల డాక్టరుకి ఇవాళ్టి చీటీలు అయిపోయాయన్నారు. మళ్ళీ వస్తే, “నేనేం జెయ్యాలమ్మా, రూలు రూలే గద! జెర గా బెంచీ మీద కూసో,” అన్నాడు పర్వతాలు.

ఎలీసబెతు కూర్చోలేదు. ఇన్ని నెలలుగా ఈ బెంచీల మీద కూర్చునే ఉంది. కూర్చోమన్న చోట కూర్చుంది, లేవమన్నప్పుడు లేచింది, అమ్మా అయ్యా అని అందరికీ దండాలు పెట్టింది. అలా మర్యాదగా ఉన్నందుకు ఒరిగిందేమిటో ఇప్పుడామెకి ఒక్కటీ గుర్తుకు రాలేదు. సంచి జ్ఞానశేఖర్ చేతికిచ్చి, బిడ్డని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పర్వతాలు మొహం ముందు పెట్టింది.

“నీకు పిల్లలున్నారా?”

“ఉన్నరమ్మా, ముగ్గురు.”

“అయితే వీణ్ణి ఒకసారి చూడు. చూసి, కూర్చోమని మళ్ళీ చెప్పు.”

పర్వతాలు చూశాడు. చూసి, తలుపు తీశాడు.

తాతారావు డాక్టరు ఇంకెవరి బిడ్డనో చూసి పంపించి, చేతులు కడుక్కుంటున్నాడు. పెద్దవాడు, నెమ్మదిగా మాట్లాడే మనిషి, లూకాకి రెండుసార్లూ కత్తి పట్టింది ఆయనే. “ఏంటమ్మా, పొద్దున ఫోన్లో చెప్పాను గదా...” అంటూ తిరిగాడు.

ఎలీసబెతు సంచిలోంచి గుడ్డ తీసి ఆయన బల్ల మీద, కాగితాల మీదే పరిచేసింది.

“చెప్పారండీ. భయం లేదని చెప్పారు. ఇదిగో, ఇది చూసి చెప్పండి ఇప్పుడు. పచ్చగా అంటే మీరు పసుపనుకున్నారు!”

డాక్టరు ఆ గుడ్డ వంక చూశాడు. వెంటనే బిడ్డని అందుకుని మంచం మీద పడుకోబెట్టి, పొట్ట మీద వేళ్ళు పెట్టి నొక్కాడు. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నర్సుని పిలిచి, ముక్కులోంచి గొట్టం వెయ్యాలి, సెలైను ఎక్కించాలి, ఎక్స్‌రే వాళ్ళని రమ్మను, నోటికి చుక్క నీళ్ళు కూడా వద్దు అని చెప్పాడు.

ఆ మాటలన్నీ ఎలీసబెతుకి కంఠతా వచ్చు. తను చెప్పింది నిజమేనని ఒప్పుకున్నారు. గెలిచింది. గెలిస్తే దక్కింది మళ్ళీ అదే గొట్టం, అదే సూది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఎదురుగా ఉన్న పెద్దమనిషి మీదే చూపించింది.

“పొద్దుటి నుంచీ ఇంత పొద్దు వృథా అయిపోయింది డాక్టరుగారూ. మేం వైద్యం తెలియనివాళ్ళమైనా మీరు తెలిసినవారు గదా! ఏ పచ్చ అని ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడిగి ఉంటే...”

“అడిగానమ్మా,” అన్నాడు డాక్టరు.

ఆమె ఆగిపోయింది.

“ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది అదే. మన భాషలో ఆ మాటతో నేను పడ్డ తంటాలు నీకు తెలియవు. ‘ఏ పచ్చండీ, పసుపా, ఆకుపచ్చా?’ అని అడిగాను. వినపడలేదేమో అని రెండోసారి కూడా అడిగాను.” డాక్టరు జ్ఞానశేఖర్ వైపు చూశాడు. “పసుపే అన్నారు మీవారు.”

ఎలీసబెతు మొగుడి వైపు తిరిగింది. ఆయన కాదంటాడని ఎదురుచూసింది. కనీసం ఫోన్లో సరిగ్గా వినపడలేదంటాడని, కిరాణా కొట్టులో గోలగా ఉందంటాడని చూసింది. ఒక్క సాకు చెప్పినా చాలు, ఆమె నమ్మడానికి సిద్ధంగా ఉంది. జ్ఞానశేఖర్ నేల వంక చూస్తూ నిలబడ్డాడు.

“అన్నారా?”

“బెత్తూ...”

“పసుపని అన్నారా? ఈ గుడ్డ చూశాక, కళ్ళారా చూశాక, పసుపని అన్నారా?”

“సంఘమంతా లేచి నిలబడింది బెత్తూ,” అన్నాడు. “పెద్దవాళ్ళు, పిల్లలు, అందరూ. ఆలిస్ అమ్మమ్మగారు మోకాళ్ళ నొప్పులతో కూడా లేచి నిలబడ్డారు. ఇక కత్తి అవసరం లేదని చెప్పాను నేను. దేవుడి పేరున చెప్పాను. ఆదివారం చెప్పి, గురువారం మళ్ళీ కోయించడానికి తీసుకొస్తే నా సాక్ష్యం ఏమైనట్టు? నా విశ్వాసం సరిపోలేదనరా? కాస్త ఓపిక పడితే... ప్రభువే తగ్గిస్తాడనుకున్నాను.”

“మీ సాక్ష్యం నిలవడానికి నా బిడ్డ పొట్ట బిగించుకుని పడుండాలా?” అంది ఎలీసబెతు. “నేను కంగారు మనిషిననిపించారు. మీ అమ్మని నా మీదా, వంకాయ మీదా పడనిచ్చారు. ఆటోలో, మీ తప్పేం లేదని నేను మిమ్మల్ని ఓదారుస్తుంటే విని ఊరుకున్నారు. ఎలా ఊరుకోగలిగారండీ?”

“మీ తగాదా తర్వాత,” అన్నాడు డాక్టరు. కసురుకోలేదు గానీ, ఆ గొంతు విని ఇద్దరూ నోరు మూశారు. “ముందు నాకు ఒక్కటి తెలియాలి. దీన్నిబట్టే నేను చేసేదంతా ఉంటుంది, జాగ్రత్తగా విని చెప్పండి. ఆపరేషన్ అయిన పొట్టలో పేగులు ఒకదానికొకటి అతుక్కుని దారి మూసుకుపోవడం ఉంటుంది. ఇవాళే మొదలైందనుకోండి, గొట్టం వేసి, పొట్టకి విశ్రాంతిచ్చి, ఒకటి రెండు రోజులు ఆగి చూస్తాను. చాలాసార్లు దానంతటదే విడిపోతుంది. కత్తితో పని ఉండదు. అలా కాకుండా రోజుల తరబడి మూసుకుని ఉంటే, లోపల పేగు చచ్చుబడిపోతూ ఉండొచ్చు. అప్పుడు ఆగితే ప్రాణం మీదికొస్తుంది. ఎక్స్‌రేలో అన్నీ తెలియవు, తల్లిదండ్రులే చెప్పాలి. ఎప్పట్నుంచి ఇలా పచ్చగా కక్కుతున్నాడు?”

“ఈ పొద్దున్నుంచేనండీ,” అంది ఎలీసబెతు వెంటనే. “రెండుసార్లు. అంతకుముందు లేదు. పాలు బాగానే తాగాడు.”

“ఖాయమేనా?”

“ఖాయమేనండీ. తల్లిని, నాకు తెలియదా?”

డాక్టరు తలాడించాడు. “అయితే ఆగి చూద్దాం,” అన్నాడు. నర్సు సన్నటి గొట్టం తీసి కొలత చూసుకుంటోంది. కత్తి లేకపోవచ్చు. ఆ మాట వినేసరికి ఎలీసబెతు పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది. ఆస్పత్రికి వచ్చాక ఆమె కూర్చోవడం అదే మొదలు. కోపం సంగతి తర్వాత చూసుకోవచ్చు. దేవుడు ఇంకా పూర్తిగా మొహం తిప్పుకోలేదనుకుంది.

లూకా మంచం మీద మెడ పక్కకి వాల్చి, మళ్ళీ నోరు తెరిచాడు. పెదవి చివర నుంచి పచ్చటి చార ఒకటి జారింది. ఎలీసబెతు లేచేలోపే జ్ఞానశేఖర్ వంగాడు. జేబులోంచి రుమాలు తీసి, ఒక చేత్తో బిడ్డ గడ్డం ఎత్తి, మెడ మడతలోకి జారకుండా ఒడుపుగా తుడిచేశాడు. తుడిచి, రుమాలుని మరక లోపలికి పోయేలా మడిచేశాడు. ఆ మడతలో తడబాటన్నది లేదు. ఎన్నోసార్లు చేసి అలవాటైన చేతులవి.

ఎలీసబెతు ఆ చేతుల వంకే చూసింది. పెరట్లో తీగ మీద వరసగా ఆరేసిన జేబురుమాళ్ళు ఆమె కళ్ళ ముందు కదిలాయి. పాలు పట్టిన ప్రతిసారీ, ఇలా ఇవ్వు, త్రేన్పు నేను తీయిస్తా అన్న మాట చెవుల్లో మోగింది.

జ్ఞానశేఖర్ ఆ రుమాలుని జేబులో పెట్టుకోబోయి, ఆగిపోయాడు. దాన్ని విప్పి, బల్ల మీద ఆమె పరిచిన గుడ్డ పక్కన పరిచాడు.

“ఆవిడకి తెలియదండీ డాక్టరుగారూ,” అన్నాడు. “ఇవాళ కాదు. ఆదివారం నుంచి. నేను సాక్ష్యం చెప్పడానికి లేచే ముందు నుంచి.”